ఈ ఏడూ హెల్త్ పాలసీ కట్టాలా, వద్దా

మా ఇంటి హెల్త్ పాలసీ రెన్యువల్ ఈ నెల 28న. నోటీసు ఫోన్‌లోకి వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. పోయినేడు ప్రీమియం 22,300, దాని మీద 18 శాతం జీఎస్టీ 4,014, మొత్తం 26,314 కట్టాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. ఆ నాలుగు వేలు మిగలాలి కదా? మిగల్లేదు. ఈసారి వచ్చిన అంకె 27,900. మా ఆయనకు 46 నిండాయి, వయసు శ్లాబు మారిందని సమాధానం. పన్ను తగ్గింపు కాస్తా అందులో కలిసిపోయింది.

మా ఆయనకు తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉంది. ఆయన మాట మొదటి నుంచీ ఒకటే. "ఇన్నేళ్లుగా కడతా ఉండాం, ఒక్క క్లెయిమన్నా చేసినామా? ఏట్లో పిసికిన చింతపండే ఇది. ఆ దుడ్డు పోస్టాఫీసులో వేస్తే మన దుడ్డు మన చేతిలోనే ఉంటాది."

ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. చిన్న వ్యాపారంలో 28 వేలంటే ఒక నెల సరుకులో కొంత భాగం. పైగా నేను స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్తాను, కాబట్టి ముందు ఆయన లెక్కే వేసి చూశాను. నెలకు 2,320 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తే, 6.7 శాతం వడ్డీతో ఐదేళ్లకు లక్షా 65 వేలు దాటుతుంది. మంచి మొత్తమే. ఒక డెంగీ జ్వరానికో, ఒక హెర్నియా ఆపరేషన్‌కో సరిపోతుంది. కానీ ఆ డబ్బు చేతికొచ్చేది ఐదో ఏడు చివర్లో. జబ్బు రెండో ఏడే వస్తే మన దగ్గరుండేది యాభై అరవై వేలు. మా వీధిలో ఒకాయనకు చెన్నైలో బైపాస్ చేయించారు, రానూపోనూ ఖర్చులతో కలిపి 5 లక్షలు దాటింది. ఆ ఇంటివాళ్లు రేణిగుంట వైపున్న ప్లాటు అమ్ముకున్నారు. ఆర్‌డీ వేసుకోవడం తప్పని అనను, వేసుకోవాలి కూడా. కానీ ఆర్‌డీ చేసే పని వేరు, పాలసీ చేసే పని వేరు.

అందుకే కట్టిన డబ్బు తిరిగి వస్తుందా రాదా అన్న దగ్గర ఆగిపోతే ఈ చర్చ తెగదు. నేను ఇంట్లో అడిగింది ఇది: రేపు రాత్రి పన్నెండు గంటలకు మనలో ఒకరికి ఏదైనా అయితే ఎక్కడికి తీసుకుపోతాం? అక్కడ బిల్లు ఎవరు కడతారు? ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పుకుని దీనికి జవాబు రాసుకుంటే, ఎవరికి పాలసీ కావాలో, ఎవరికి అక్కర్లేదో దానంతటదే తేలుతుంది.

తిరుపతిలో ఉండేవాళ్లకు ఈ జవాబు వేరే ఊళ్లవాళ్ల జవాబులా ఉండదు. ఎందుకంటే మన ఊళ్లో వైద్యం విషయంలో దేవుడి దయ నిజంగానే ఉంది. రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పక్కనే స్విమ్స్ అనే పెద్దాసుపత్రి ఉంది. ఎముకలకు, కీళ్లకు టీటీడీ వాళ్ల బర్డ్ ఉంది. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లకు 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం వచ్చింది. అంతకుముందు పసిబిడ్డ గుండెలో రంధ్రం ఉందంటే చెన్నైకో బెంగళూరుకో బస్సెక్కాల్సి వచ్చేది. అలిపిరి దగ్గర టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కడప నుంచి, నెల్లూరు నుంచి, మదనపల్లె నుంచి జనం ఇక్కడికి వస్తుంటే, ఇక్కడే ఉండే మనం వీటిని లెక్కలోకి తీసుకోకుండా పాలసీ గురించి మాట్లాడితే అది సగం లెక్కే.

మా స్కూల్లో తెలుగు చెప్పే మేడమ్ భర్తకు పోయిన సంక్రాంతి ముందు గుండెనొప్పి వచ్చింది. స్విమ్స్‌కి తీసుకుపోయారు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద స్టెంటు వేశారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది. వాళ్లకు పైకర్చులు తప్ప ఏమీ కాలేదు. "కార్డు లేకపోతే తాళిబొట్టు తాకట్టు పెట్టాల్సి వచ్చేది మేడమ్" అని ఆమె స్టాఫ్ రూములో చెప్తుంటే అందరం విన్నాం. అలాంటి కార్డు చేతిలో ఉండి, భయం కొద్దీ ఏడాదికి పాతిక వేలు ప్రైవేటు కంపెనీకి కట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ డబ్బుతో పిల్లల ఫీజు తీరుతుంది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఈ పథకం కింద సేవలు ఆపిన రోజులూ చూశాం. అలాంటప్పుడు భారమంతా ప్రభుత్వ ఆసుపత్రుల మీదే పడుతుంది. స్విమ్స్‌లో డాక్టర్ల మీద నాకు ఎంత నమ్మకమో చెప్పలేను, అక్కడి ఇబ్బంది మంచం దొరకడం, ఆపరేషన్‌కు తేదీ దొరకడం. ఓపీ చీటీ కోసం తెల్లారకముందే వరుసలో నిలబడ్డవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

మాకు ఆ కార్డు లేదు. ఏడాదికి 5 లక్షల ఆదాయం లోపువాళ్లకే అది. అంగడి రిటర్నులు, నా జీతం కలిపితే ఆ గీత దాటేస్తాం. నాకు మొదట్లో ఈఎస్‌ఐ ఉండేది. జీతంలో 0.75 శాతం పట్టుకునేవాళ్లు, యాజమాన్యం 3.25 శాతం కట్టేది. ఆ కొద్ది డబ్బుకే ఇంటిల్లిపాదికీ, మందులతో సహా వైద్యం అందేది. జీతం 21 వేలు దాటాక అది పోయింది. జీతం పెరిగిందని ఇంట్లో స్వీటు పంచిన కొన్ని నెలలకే, ఇక ఈఎస్‌ఐ వర్తించదని ఆఫీసులో చెప్పారు. ఈ మధ్యలో ఉండిపోయినవాళ్లు తిరుపతిలో ఎంతమందో! కార్డుకు ఎక్కువ, సొంతంగా 5 లక్షలు తీసి కట్టడానికి తక్కువ. ప్రైవేటు స్కూలు టీచర్లు, అంగళ్ల వాళ్లు, లాడ్జీల్లో మేనేజర్లు, సొంత కారు తిప్పుకునే ట్రావెల్స్ వాళ్లు. ప్రైవేటు పాలసీ అనేది నిజంగా ఎవరికైనా అవసరం ఉందంటే అది వీళ్లకే అని నా అభిప్రాయం.

ఇక పాలసీ ఉన్నంత మాత్రాన సరిపోతుందా అంటే, మా మరిది సంగతి చెప్పాలి. ఆయన చెన్నైలో ఉద్యోగం చేస్తాడు. 2023లో అపెండిక్స్ పగిలి రాత్రికి రాత్రి అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. 3 లక్షల పాలసీ ఉంది, క్యాష్‌లెస్సే, బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కడుతుంది, టెన్షన్ లేదనుకున్నారు. బిల్లు 2 లక్షల 10 వేలు అయింది. పాలసీలో ఇంకా 90 వేలు మిగిలే ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. చివరికి కంపెనీ ఇచ్చింది లక్షా 43 వేలు. చేతి నుంచి 67 వేలు పడింది.

ఎందుకు పడిందో ఆ కాగితాలు ముందేసుకుని నేనే చూశాను. పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది, రోజుకు బీమా మొత్తంలో 1 శాతం. అంటే 3 వేలు. ఆ రాత్రి ఖాళీగా ఉన్న గది రోజుకు 6 వేలది. ఐదు రోజులకు 30 వేలు, కంపెనీ 15 వేలే ఇచ్చింది. అంతవరకే అయితే సరిపెట్టుకోవచ్చు. కానీ పరిమితికి రెండింతల గదిలో ఉన్నారు కాబట్టి, గదిని బట్టి మారే మిగతా చార్జీలను కూడా అదే నిష్పత్తిలో తగ్గించారు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటరు, నర్సింగ్ కలిపి 90 వేలయితే 45 వేలకు కోసేశారు. మందులు, పరీక్షల 90 వేలకు ఈ కోత లేదు, నిబంధనల ప్రకారం ఉండకూడదు కూడా. అందులో చేతి తొడుగులు, అడ్మిషన్ కిట్టు లాంటి వాటికి మాత్రం 7 వేలు తీసేశారు. మొత్తం కూడుకుంటే 67 వేలు. ఆ గది తేడా మూడు వేలే కదా అని చేరేటప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది. కౌంటర్లో కూర్చున్నవాళ్లు చెప్పరు, కడుపు పట్టుకుని మెలికలు తిరిగే మనిషి పక్కనుంటే మనకు అడగాలనీ తోచదు. అందుకే చెప్తున్నా, మీ పాలసీలో ఇంకేం చదవకపోయినా గది అద్దె వాక్యం ఒక్కటి చదవండి. 'సింగిల్ ప్రైవేట్ రూమ్' అని గానీ, 'పరిమితి లేదు' అని గానీ ఉంటే మంచిది. శాతం గుర్తు కనబడితే, అంత అద్దెకు మీరు పోయే ఆసుపత్రిలో గది దొరుకుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

అప్పట్లో డిశ్చార్జి రోజు పొద్దున్నే పొమ్మన్న మనిషిని, కంపెనీ నుంచి ఆమోదం రాలేదని రాత్రి దాకా కూర్చోబెట్టారు. 2024 మే నెలలో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ కొత్త నియమాలు పెట్టింది. క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జికి 3 గంటల్లో కంపెనీ తేల్చి చెప్పాలి. ఆలస్యమైతే దానివల్ల పెరిగిన ఖర్చు కంపెనీయే భరించాలి. ఇది తెలిసి ఉంటే కౌంటర్ దగ్గర గట్టిగా అడగొచ్చు.

రెండో విషయం ప్రపోజల్ ఫారం. మాకు పాలసీ ఇప్పించిన అబ్బాయి మా వైపు చుట్టమే, మనసు మంచిదే. కానీ ఫారం నింపేటప్పుడు "బావకు బీపీ ఉందని రాయొద్దక్కా, ప్రీమియం పెరుగుతాది, వాళ్లకేం తెలుస్తాది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎలా తెలుస్తుందంటే ఇలా తెలుస్తుంది: ఆసుపత్రిలో చేరగానే డ్యూటీ డాక్టరు మొదట అడిగేదే "బీపీ, షుగర్ ఉన్నాయా? ఎన్నాళ్ల నుంచి?" అని. నొప్పిలో ఉన్న మనిషి "ఐదారేళ్లుగా సార్" అంటాడు. అది కేస్ షీట్లో ఎక్కుతుంది. పాలసీ మూడేళ్ల కిందటిది, ఫారంలో బీపీ లేదని ఉంది, అంతే, క్లెయిమ్ పోయినట్టే. రాసి ఉంటే, ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే. 2024 ఏప్రిల్‌కు ముందు నాలుగేళ్లు ఉండేది. ఆ గడువు గడిస్తే బీపీతో వచ్చిన గుండెజబ్బుకైనా డబ్బు ఇవ్వాల్సిందే. ఐదేళ్లు వరసగా కట్టాక, మోసం నిరూపిస్తే తప్ప, అది చెప్పలేదు ఇది చెప్పలేదు అని కంపెనీ క్లెయిమ్ కొట్టేయకూడదు. మా ఆయన బీపీ సంగతి ఫారంలో ఉంది, వెయిటింగూ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు మానేస్తే ఇన్నేళ్లుగా గడిచిన వెయిటింగ్ అంతా గాల్లో కలిసిపోతుంది. రేపు మళ్లీ తీసుకుందామంటే 46 ఏళ్ల మనిషి మొదటి నుంచి మొదలుపెట్టాలి. నన్ను కట్టడం వైపు మొగ్గేలా చేసింది ముఖ్యంగా ఈ ఒక్క విషయమే.

పోనీ చవకగా ఇచ్చే ఇంకో కంపెనీకి మారదామా అని మా ఆయన అడిగారు. మారొచ్చు, గడిచిన వెయిటింగ్ కూడా వెంట వస్తుంది. కానీ పోర్టింగ్‌కు రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు అడగాలి. ఆ తర్వాత అడిగితే మన దరఖాస్తు చూడటం, చూడకపోవడం కొత్త కంపెనీ ఇష్టం. మాకు నోటీసు వచ్చింది నెల ముందు. అంటే ఈసారి ఎంత పెరిగిందో తెలిసేటప్పటికే గడువు దాటిపోయింది! ఇది కొనేవాళ్లకు జరుగుతున్న అన్యాయమే అని నా ఉద్దేశం. కొత్త ప్రీమియం ఎంతో రెండు నెలల ముందే చెప్పాలని నియమం పెడితే తప్ప జనానికి మారే హక్కు ఉండీ లాభం లేదు. వచ్చే ఏడాదికి డిసెంబరులోనే గుర్తు చేసేలా ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.

పన్ను కోసం పాలసీ తీసుకోండని చెప్పేవాళ్ల మాట ఇప్పుడు చాలామందికి పనికిరాదు. ఆరోగ్య పాలసీ ప్రీమియానికి ఆదాయపన్ను మినహాయింపు పాత పన్ను పద్ధతిలోనే. కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు, మేం అందులోకి మారిపోయాం.

అందరికంటే ఎక్కువ ఆలోచించింది మా అత్తమ్మ గురించి. ఆమెకు 72. పదిహేనేళ్లుగా షుగరు, మోకాళ్ల నొప్పులు. మా పాలసీలో ఆమె లేరు. ఆమెకు విడిగా 5 లక్షల పాలసీకి అడిగితే చెప్పిన ప్రీమియం 48 వేలు. అందులోనూ ప్రతి బిల్లులో 20 శాతం మనమే పెట్టుకోవాలి. షుగరుకు సంబంధించినవాటికి మూడేళ్లు వెయిటింగ్, మోకాలి మార్పిడికి రెండేళ్లు. అంటే ఆమెకు ఏం వచ్చే అవకాశం ఉందో సరిగ్గా వాటికే 74, 75 ఏళ్లు వచ్చేదాకా పాలసీ పనిచేయదు. అప్పటికి దాదాపు లక్షన్నర కట్టి ఉంటాం. నేను లెక్క చెప్తుంటే అత్తమ్మ వింటూ, "నాకెందుకమ్మా అంత దుడ్డు పోయడం, పిలకాయలకు పెట్టండి" అన్నారు. ఆ మాట వింటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బు మిగులుతుందని ఆమెను వదిలేసే ఇల్లు కాదు మాది. ఆమెకు వేరే దారి మేలైనది ఉంది కాబట్టే ఆ పాలసీ వద్దనుకున్నాం.

ఆ దారి ఆయుష్మాన్ వయ వందన కార్డు. 70 ఏళ్లు నిండినవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, ఒక కుటుంబంలోని అలాంటి పెద్దవాళ్లందరికీ కలిపి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. ప్రీమియం లేదు, ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆధార్‌లో ఉన్న వయసే ఆధారం. నేనే ఆయుష్మాన్ యాప్‌లో అత్తమ్మ ఆధార్ నంబరు కొట్టి, ఓటీపీ తీసుకుని, ఆమెను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి ఫోటో తీశాను. ఫోటో సరిపోలలేదని రెండు మూడుసార్లు తిప్పికొట్టింది, కళ్లజోడు తీసేశాక తీసుకుంది. పెద్దవాళ్లు ఇంట్లో ఉండి ఇంకా ఈ కార్డు చేయించనివాళ్లు దయచేసి ఈ ఆదివారమే చేయించండి. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే ముందు అది సరిచేయించండి. జబ్బు పడ్డాక ఆ తిరుగుడు చాలా కష్టం. కార్డు ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో కూడా ముందే చూసి పెట్టుకోవాలి, అన్నిచోట్లా చెల్లదు. ఇక మోకాళ్ల కోసం బర్డ్‌లో చూపించాలని అనుకున్నాం. పాలసీకి పోసే 48 వేలలో 40 వేలు ఆమె పేరు మీద బ్యాంకులో వేశాం. షుగర్ మాత్రలు, రక్తపరీక్షలు, కంటి పరీక్ష లాంటివాటికి అది కావాలి. వాటికి మామూలు పాలసీలు ఎలాగూ పైసా ఇవ్వవు.

మా నలుగురికీ తేలింది ఇదీ: పాత 5 లక్షల పాలసీ కొనసాగిస్తున్నాం, 27,900 కట్టేస్తున్నాం. దాన్ని 15 లక్షలకు పెంచితే ఎంతవుతుందని అడిగితే 11 వేలు అదనంగా అడిగారు. దాని బదులు 20 లక్షల సూపర్ టాపప్ చూశాం. ఏడాదిలో బిల్లులన్నీ కలిపి 5 లక్షలు దాటితే, ఆ పై మొత్తం అది ఇస్తుంది. ఏడాదికి 4,600. క్యాన్సరో, తలకు దెబ్బో, అవయవ మార్పిడో, మనిషినే కాక ఇంటిని కూడా పడగొట్టేవి అవే. వాటికి 4,600 అంటే మా ఆయనకు కూడా అభ్యంతరం లేకపోయింది. "సరే, అంగట్లో ఒక మంచి రోజు లాభం అనుకుందాం" అన్నారు. ఆర్‌డీ కూడా ఆయన అన్నట్టే మొదలుపెట్టాం, నెలకు వెయ్యి. గదికి తేడా పడినా, కంపెనీ ఇవ్వనివి ఉన్నా దాంట్లోంచి తీసుకోవచ్చు.

సూపర్ టాపప్ ఫారంలో ఆయన బీపీ, నా థైరాయిడ్ రెండూ రాశాం, వేసుకునే మాత్రల పేర్లతో సహా. కంపెనీ మెడికల్ టెస్టు అడిగింది. బుధవారం పరగడుపున రమ్మన్నారు. రిపోర్టులు చూసి ప్రీమియం వెయ్యి, పదిహేను వందలు పెంచినా తీసుకుంటాం. అంతకు మించి అడిగితే మళ్లీ ఆలోచిస్తాం. తీసుకున్నాక కూడా, నచ్చకపోతే తిప్పి పంపే ఫ్రీలుక్ గడువు 30 రోజులు ఉంది కాబట్టి, పాలసీ కాగితాలు చదివాకే ఉంచుకోవాలో తిప్పి పంపాలో తేల్చుకుంటాం.